ఎలక్షన్ ఫ్యూజు

మా నాన్నకు వీధిలో వాళ్ళు పెట్టిన పేరు సౌండు. కార్లలో పెద్ద పెద్ద స్పీకర్లూ యాంప్లిఫయర్లూ బిగించడం ఆయన పని, అందుకే ఆ పేరని కొత్తవాళ్ళు అనుకుంటారు. పాతవాళ్ళకు అసలు సంగతి తెలుసు. నోరు తెరిస్తే ఆపడు. హెడ్‌లైటు బల్బు మార్పించుకుందామని షెడ్డుకొచ్చిన మనిషి బల్బుతో పాటు బ్యాటరీ పుట్టుపూర్వోత్తరాలు కూడా విని వెళ్ళాల్సిందే. నేను ఆ షెడ్డులోనే పని నేర్చుకున్నాను, అక్కడే పనిచేస్తున్నాను. నా చెవులు ఎంత పుణ్యం చేసుకున్నాయో మీరే ఊహించుకోండి.

అమ్మ ఆయనకు పూర్తిగా విరుద్ధం. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేసి చేసి, వార్డులో అందరికీ మిషనమ్మ అయిపోయింది. గొంతులో గడ్డ లేచి ఆపరేషన్ అయ్యాక ఆవిడకు గుసగుస ఒక్కటే మిగిలింది. మా భోజనాల గదిలో ఒక ముసలి ఫ్యాను ఉంది, తిరిగినంతసేపూ గడగడలాడుతుంది. అది తిరుగుతుంటే అమ్మ ఏమందో పక్కనున్నవాళ్ళకు కూడా వినపడదు. ఎండాకాలంలో దాన్ని ఆపుదామంటే ప్రాణం మీదికొస్తుంది. ఫ్యానుకు తోడు నాన్న.

వార్డు ఎన్నికలు వచ్చిన ఎండాకాలం సంగతి ఇది. ఒక మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. నాన్న ఎవరిదో కారు డైనమో గురించి చెప్తున్నాడు. అమ్మ ఏదో అంది. నాన్న చెప్తూనే ఉన్నాడు. అమ్మ మళ్ళీ అంది.

"నీళ్ళా? ఇదిగో," అని నాన్న గ్లాసు ఇటు జరిపి, డైనమో దగ్గరికి వెళ్ళిపోయాడు.

అమ్మ గ్లాసు పక్కన పెట్టి, నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నాన్నా, కాస్త ఆగు. అమ్మ ఎన్నికల్లో నిలబడిందట. పొద్దున్నే వెళ్ళి నామినేషన్ వేసొచ్చిందట."

నాన్న నిజంగానే ఆగాడు. ఫ్యాను ఒక్కటే గడగడలాడింది.

"నిలబడితే సరా? నలుగురి ముందూ మాట్లాడాలి కదోయ్," అన్నాడు చివరికి. "ఎలా మాట్లాడతావు?"

అమ్మ ఆయన వైపు తిరిగి, పెదాలు నెమ్మదిగా కదుపుతూ చెప్పింది. "మీరు సౌండు కదా."

అమ్మకు కావలసింది పెద్దదేమీ కాదు. మా వార్డులో ఒక చిన్న ఆసుపత్రి ఉంది. మధ్యాహ్నానికల్లా దానికి తాళం పడుతుంది. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు బయటపడేది సాయంత్రం. ఆ తలుపు సాయంత్రం కూడా తెరిచి ఉండాలి, అంతే ఆవిడ పట్టుదల. ఆ మాట తన నోటితో తనే చెప్పాలన్నది ఇంకో పట్టుదల. మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, ప్రచారమంతా నెత్తిన వేసుకుంది. "నువ్వు ఊరికే నవ్వుతూ కూర్చో అక్కా, మాట్లాడ్డం నేను చూసుకుంటా," అంది.

"గొంతు పోయింది నాకు. చెప్పాల్సింది కూడా నేనే," అంది అమ్మ. పిన్ని మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మర్నాటి నుంచే మా పాత కారు షెడ్డులోకి ఎక్కింది. పైన మైకు గొట్టాలు, వెనక సీటు కింద యాంప్లిఫయర్. "మీ అమ్మది పిల్లి గొంతు. దాన్ని వీధి చివరిదాకా మోసుకెళ్ళాలంటే ఏనుగంత యాంపు కావాలి," అంటూ నాన్న నేల మీద బోర్లా పడుకుని పనిచేశాడు. పనిలో ఆయనకు వంక పెట్టలేం. వాట్లు పెరిగితే కరెంటు పెరుగుతుంది, దానికి తగ్గట్టు వైరు లావు కావాలి. లేకపోతే వైరే పొయ్యి అవుతుంది. ఎర్త్ వైరు బిగించే చోట పెయింటు గీకి, ఇనుము తళతళలాడేదాకా రుద్దాడు. బ్యాటరీ నుంచి వచ్చే పెద్ద వైరు ఇంజను వెనకున్న ఇనుపరేకులో కన్నంగుండా లోపలికి దూరుతుంది. ఆ కన్నం అంచు కత్తిలా ఉంటుందని దానికి రబ్బరు రింగు తొడిగాడు. అక్కణ్ణుంచి ముందు సీటు చాప కిందుగా వైరు వెనక్కి పరిచాడు.

ఇక ఫ్యూజు దగ్గర మా ఇద్దరికీ పేచీ పడింది.

బ్యాటరీ దగ్గర బయల్దేరిన వైరు జానెడు దూరం పోకముందే దానికి ఫ్యూజు ఉండాలి. దారిలో ఎక్కడైనా వైరు ఒరుసుకుపోయి ఇనుముకు తగిలిందనుకోండి, ఫ్యూజు పుటుక్కున పోతుంది, కరెంటు ఆగిపోతుంది. ఫ్యూజు లేకపోతే బ్యాటరీలో ఉన్న శక్తంతా ఒక్కసారి ఆ వైరులోకి దూకుతుంది. ముందు వైరు కాలుతుంది, తర్వాత చాప, తర్వాత కారు. ఇదంతా నాకు నేర్పింది నాన్నే. మామూలు రోజుల్లో ఫ్యూజు లేకుండా ఒక్క బండిని కూడా షెడ్డు దాటనివ్వడు. ఎన్నికలొస్తే మాత్రం ఆయనకూ, చుట్టుపక్కల షెడ్లవాళ్ళందరికీ బుద్ధి మారిపోతుంది. నాయకుడు మాట్లాడుతుండగా సౌండు ఆగితే, బిగించినవాడికి మళ్ళీ ఎవరూ పని ఇవ్వరు. అందుకని ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి రేకు ముక్క ఒకటి బిగించేస్తారు. ఎంత కరెంటు పారినా అది పోదు. దానికి మా షెడ్లలో ఎలక్షన్ ఫ్యూజు అని ముద్దుపేరు. నాన్న తన రేకును తనే కత్తిరించి, అంచులు అరగదీసి, చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

ఆయన జేబులో చెయ్యి పెట్టగానే నేను అడ్డం పడ్డాను. "ఆ రేకు పెట్టకు నాన్నా."

"ఇంతవరకూ నా బండిలో మాట ఆగలేదే."

"మాట ఆగకపోవడం నీకు పుట్టుకతో వచ్చింది. ఇది వైరు సంగతి. అమ్మ ముందు సీట్లో కూర్చుంటుంది. వైరు ఆవిడ కాళ్ళ కిందినుంచే పోతోంది."

"నా చేతి పని మీద నమ్మకం లేదా నీకు?"

"నీ చేతి మీద ఉంది. మన రోడ్ల మీద లేదు."

అమ్మ ఎప్పుడొచ్చిందో టీ ఫ్లాస్కుతో షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉంది. లోపలికొచ్చి, కారు బానెట్ మీద వేలితో తట్టింది. ఇద్దరం నోరు మూసుకున్నాం.

"ఫ్యూజే పెట్టండి," అంది.

"మాట మధ్యలో ఆగిపోతే? నలుగురిలో నవ్వులపాలవుతావు. వద్దు, నా మాట విను."

"మధ్యలో ఆగిపోవడం నాకు కొత్తా ఏంటి? పెళ్ళయిన దగ్గర్నుంచీ అలవాటేగా."

నాకు పకపకా నవ్వొచ్చింది. నాన్న మాత్రం మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏది ఆగింది? ఎప్పుడాగింది?" అని అడిగాడు. పాపం, ఆయనకు నిజంగానే తెలియదు. గొణుక్కుంటూనే ఫ్యూజు బిగించాడు. రేకును మాత్రం తిరిగి జేబులో వేసుకున్నాడు, ఎందుకైనా మంచిదని.

ప్రచారం మొదలైంది. కారు నేను నడిపేదాన్ని. అమ్మ నా పక్క సీట్లో కూర్చుని, తలుపు తెరిచి, మైకు పట్టుకునేది. వెనక నాన్నా పిన్నీ. ప్రతి వీధి మొదట్లోనూ నాన్న, "నువ్వు మాట్లాడే ముందు ఊరికే రెండు ముక్కలు నేను చెప్తానోయ్," అని వెనకనుంచి మైకు అందుకునేవాడు. ఆ రెండు ముక్కలకు అంతుండేది కాదు. అమ్మ ఎంత మంచిదో చెప్పేవాడు, వార్డు ఎంత పాడైపోయిందో చెప్పేవాడు, ఆ ఊపులో ఈ సౌండు ఎన్ని వాట్లో, ఎలా బిగించాడో కూడా చెప్పేవాడు. చివరికి మైకు అమ్మ చేతికి వచ్చేసరికి జనం పిల్లల్ని పిలుచుకుంటూ ఇళ్ళలోకి వెళ్ళిపోతుండేవారు. అమ్మ నాలుగు మాటలు మాట్లాడగానే నాన్న వెనకనుంచి, "అంటే ఆవిడ అనేదేమిటంటే," అని అందుకునేవాడు.

"బావకు ఓటెయ్యమంటున్నారు అక్కా జనం," అంది పిన్ని ఒకరోజు. అమ్మ నవ్వలేదు.

కూరగాయల మార్కెట్ దగ్గర ఒకావిడ తక్కెడ పక్కన పెట్టి, "మిషనమ్మా, నీ పెదాలు కదుల్తున్నాయి గానీ మాట మాదాకా రావట్లేదమ్మా," అని అరిచింది. నాన్న దాన్ని కూడా సౌండు సమస్య కిందే లెక్కేశాడు. ఆ మర్నాడు నేను ఇంకో బండి పనిలో ఉంటే, ఆయన కారు మీద మరో జత గొట్టాలు ఎక్కించి, పాత వైరు తీసేసి ఇంకా లావు వైరు లాగాడు. దానికి తగ్గట్టు ఫ్యూజు కూడా మార్చాడు, అక్కడ తప్పులేదు. అయితే లావు వైరు రబ్బరు రింగులో పట్టలేదు. రింగు ఊడదీసి, పెద్దది దొరికాక వేద్దామని గూట్లో పడేశాడు. ఆ ముక్క నాతో అనలేదు. ప్రపంచంలో ఉన్నవన్నీ చెప్పే మనిషి!

ప్రచారం చివరి రోజుకు ముందు సాయంత్రం, నాన్నా పిన్నీ దిగి కరపత్రాలు పంచుతుంటే, కారులో అమ్మా నేనూ మిగిలాం.

"నా గొంతు డాక్టర్లు తీసేశారు," అంది అమ్మ, ఎదురుగా అద్దంలోంచి చూస్తూ. "మాట మీ నాన్న తీసేస్తున్నారు."

నేను ఆవిడ వైపు తిరిగాను.

"రేపు ఆసుపత్రి దగ్గర ఆయన మైకు ముట్టుకోకూడదు. అదొక్కచోటన్నా నేను చెప్పుకోవాలి. లేకపోతే ఇంత హడావిడీ దేనికి?"

ఇంటికెళ్ళాక ఆ మాట నాన్నకు నేనే చేరవేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. "అంటే నేను అడ్డమా?" అన్నాడు.

"అడ్డమే," అన్నాను. మెత్తగా చెప్పడం నాకు రాదు. ఆయన కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. నాకు జాలేసింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు ఆసుపత్రి వీధి మలుపులో, ఫ్యాక్టరీ వదిలే వేళకు కారు ఆపాను. టిఫిన్ డబ్బాల సంచులు భుజాన వేసుకుని ఆడవాళ్ళూ మగవాళ్ళూ గుంపులుగా వస్తున్నారు. వీధి అవతలి చివర అమ్మ మీద పోటీకి నిలబడ్డ బట్టల షాపాయన ప్రచారం కారు ఉంది. పొద్దుగూకగానే ప్రచారమంతా ఆపించడానికి ఎన్నికల ఆఫీసరొకాయన మలుపులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి తలుపుకు ఎప్పటిలాగే తాళం.

నాన్న బుద్ధిగా కారు దిగి, అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ మైకు పెదాలకు ఆనించుకుంది.

"నేను మిషనమ్మని."

అమ్మ గుసగుస అంత పెద్దగా వినడం నాకు అదే మొదటిసారి. ఏ బొంగురూ లేదు, మైకు కూతా లేదు. వీధి చివరిదాకా ఒక్కొక్కరి చెవిలో చెప్తున్నట్టే ఉంది. నడుస్తున్నవాళ్ళు ఆగారు. అవతలి కారువాళ్ళు కూడా వాళ్ళ పాట తగ్గించారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకో సిగ్గు కూడా వేసింది. అరుగు మీద నాన్న, తన బిడ్డను ఎవరో మెచ్చుకుంటున్నట్టు, పైనున్న గొట్టాల వైపు చూస్తున్నాడు.

"మీలో చాలామందికి పక్క మిషను మీద కూర్చుని పనిచేశాను. ఈ తలుపు గురించి ఒక సంగతి చెప్పాలని..."

పుటుక్కుమని ఎక్కడో చిన్న శబ్దమైంది. అంతే. అమ్మ పెదాలు కదులుతున్నాయి, వీధిలో ఏమీ లేదు.

నేనూ నాన్నా ఒకేసారి బానెట్ దగ్గరికి పరిగెత్తాం. ఫ్యూజు పోయింది. నాన్న వైరు వెంట వేలు పోనిస్తూ వెనక్కి వెళ్ళాడు. ఇనుపరేకు కన్నం దగ్గర వేలు ఆగింది. వైరు మీది తొడుగు నిలువునా కోసుకుపోయి, లోపలి రాగి బయటపడి, అంచుకు ఆనుకుని ఉంది. అక్కడ రబ్బరు రింగు లేదు. నేను ఆయన ముఖంలోకి చూశాను.

"గూట్లో ఉంది," అన్నాడు.

వీధి అవతలి చివరనుంచి ఈలలు మొదలయ్యాయి. "మిషను ఆగిపోయిందిరోయ్!" అని ఎవడో అరిచాడు. పిన్ని పరిగెత్తుకొచ్చింది. "ఏంటి బావా అలా నిలబడ్డావు? నీ రేకు పెట్టెయ్! జనం వెళ్ళిపోతున్నారు. పొద్దుగూకితే ఇంకేముంది?"

నాన్న జేబులోంచి రేకు తీశాడు. దాన్ని చూశాడు. తర్వాత బానెట్ పక్కనుంచి వంగి అమ్మను చూశాడు. తెరిచిన తలుపులో, మైకు ఒళ్ళో పెట్టుకుని, అమ్మ ఓపిగ్గా కూర్చుని ఉంది. కాళ్ళు చాప మీద పెట్టుకుంది.

"ఆ వైరు మీదే కాళ్ళు పెట్టుకుని కూర్చుందే మీ అమ్మ," అన్నాడు. రేకును మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "బ్యాటరీ వైరు విప్పెయ్. ఇప్పుడే."

నేను స్పానర్ తీసుకుని విప్పేశాను. వైరు మళ్ళీ మొత్తం లాగి వెయ్యాలంటే ఆ పూటకు అయ్యే పని కాదు. నాన్న బానెట్ దించి, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ అమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ఈ పూటకు ఇక సౌండు లేదోయ్. తప్పు నాదే."

అమ్మ మైకు పక్కన పెట్టేసింది.

"మీరున్నారుగా," అంది.

నాన్నకు వెంటనే అర్థం కాలేదు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుని, చెవిలో ఏదో చెప్పింది. నాన్న నిటారుగా నిలబడి, జనం వైపు తిరిగాడు.

"వెళ్ళకండి! మిషనమ్మ మాట్లాడుతోంది. మాట ఆవిడది, గొంతు నాది." వెళ్ళబోతున్నవాళ్ళు ఆగి వెనక్కి చూశారు. నాన్న మళ్ళీ వంగి, విని, లేచాడు. "నేను ఫ్యాక్టరీ నుంచి బయటపడేసరికి సాయంత్రమయ్యేది." అక్కడితో ఆపితే ఆయన సౌండెలా అవుతాడు? "అంటే ఫ్యాక్టరీ వేళలు ఎలా ఉంటాయంటే..."

అమ్మ మోచెయ్యి ఆయన డొక్కలో దిగింది. ముందు వరసలో ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. నాన్న గొంతు సవరించుకుని, మళ్ళీ వంగాడు.

"అప్పటికి ఈ తలుపుకు తాళం పడేది."

వంగాడు, లేచాడు.

"గొంతులో నొప్పి మొదలైనప్పుడు సెలవడిగాను. ఇవ్వలేదు."

మళ్ళీ వంగాడు. ఈసారి లేవలేదు. అమ్మ చెప్పడం అయిపోయింది, ఆయన వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. "ఏమంది బావా?" అంది పిన్ని. నాన్న తలెత్తి అమ్మ ముఖంలోకి చూశాడు. అమ్మ చూపు తిప్పుకోలేదు.

"ఇంట్లో చెప్పాను," అన్నాడు నాన్న.

"వినపడట్లేదు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. మా నాన్నతో ఆ మాట ఎవరన్నా అంటారని నేను కలలో కూడా అనుకోలేదు.

నాన్న ఊపిరి తీసుకుని గట్టిగా అన్నాడు. "ఇంట్లో చెప్పాను. ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పాను. మా ఆయన ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు. అని, ఇంకేదో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఆ రోజుల్లో నేనూ అదే ఇంట్లో ఉన్నాను, అదే ఫ్యాను కింద అన్నం తిన్నాను.

అమ్మ నాన్న చేతి మీద చెయ్యి వేసింది. మళ్ళీ ఆయన చెవిలో చెప్పింది. నాన్న ఒక్కొక్క మాటా జాగ్రత్తగా, పెళుసు గాజు గ్లాసులు అందిస్తున్నట్టు పలికాడు.

"ఆయన డాక్టరు కాదు. నేనూ కాదు. డాక్టరు ఈ తలుపు వెనక ఉండాలి. సాయంత్రం ఉండాలి. నేనడిగేది అంతే."

ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్క ముక్క తక్కువ లేదు. నాన్న నోటినుంచి 'అంతే' అన్న మాట వినడం నాకు అదే మొదలు. ఆఫీసరు కుర్చీలోంచి లేచి, టైమైపోయిందన్నట్టు చెయ్యి ఊపాడు. జనం వెంటనే కదల్లేదు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు కొందరు వచ్చి అమ్మ చేతులు పట్టుకున్నారు. అవతలి కారు ఎప్పుడు వెళ్ళిపోయిందో నేను చూడలేదు.

మర్నాడు నాన్న ఆ వైరంతా లాగేసి, కన్నానికి పెద్ద రింగు తొడిగి, కొత్త వైరు వేశాడు, ప్రచారం అయిపోయినా సరే. ఇప్పుడు ఎన్నికల బళ్ళు వచ్చినా షెడ్డులో ఫ్యూజే వేస్తాడు. రేకు కావాలంటే ఇంకో షెడ్డు చూసుకోమంటాడు.

అమ్మ ఓడిపోయింది. చాలా కొద్దిలో పోయింది. పిన్ని ఇప్పటికీ ఓటెయ్యని ఇళ్ళ ముందునుంచి వెళ్ళేటప్పుడు తల తిప్పుకుని వెళ్తుంది. బట్టల షాపాయన గెలిచాడు, ఆసుపత్రి తాళం తాళంలాగే ఉంది.

ఫలితాలొచ్చిన మధ్యాహ్నం అందరం ఇంటికొచ్చి, ఎవరి కంచం ముందు వాళ్ళం కూర్చున్నాం. ఎండ మండిపోతోంది. ఫ్యాను గడగడలాడుతోంది. నాన్న, "అసలు ఏమైందంటే, ఆ మార్కెట్ దగ్గర మనం..." అని మొదలుపెట్టాడు. అప్పుడే అమ్మ పెదాలు కదిలాయి.

నాన్న ఆగిపోయాడు. ఎంగిలి చేత్తోనే లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, మోచేత్తో ఫ్యాను ఆపేశాడు. రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి నిలిచాయి. గదిలో ఎంత నిశ్శబ్దముంటుందో మాకెవరికీ అంతవరకూ తెలియదు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు.

"మళ్ళీ నిలబడతాను," అంది అమ్మ.

ఆ గుసగుస గదంతా వినపడింది. పిన్ని అన్నం పక్కన పెట్టి అక్క భుజం పట్టుకుంది. అందరికీ చెమటలు కారుతున్నాయి, ఎవరమూ కదల్లేదు.

"చెప్పడం అయిపోయింది. ఫ్యాను వెయ్యండి, ఉక్కపోస్తోంది," అంది అమ్మ.

నాన్న వెయ్యలేదు. "ఇంకేమన్నా ఉందేమో," అని, స్విచ్చు దగ్గరే నిలబడ్డాడు.